పాత స్ప్రింగు బోనుకు తుప్పు వదిలించడం: అపోహలు - వాస్తవాలు

అనంతపురం, కడప పల్లెల్లో పాత మిద్దెలు విప్పేటప్పుడు అటక మీద నుంచి జంతువుల కాలు పట్టే ఇలాంటి స్ప్రింగు బోనులు బయటపడుతుంటాయి. రెండు ఇనుప దవడలు, నడుమ తొక్కుడు పలక, దాన్ని ఆపే చిన్న నాలుక, యు ఆకారంలో వంచిన పట్టె స్ప్రింగు, చివర గొలుసు. చూడ్డానికి అంతా ఒకటే ఇనుము. నిజానికి దవడలు, గొలుసు సాధారణంగా మెత్తని ఇనుము. స్ప్రింగు మాత్రం కార్బన్ ఎక్కువగా ఉండి, కాల్చి చల్లార్చి పదును (వంచినా తిరిగి లేచే గట్టిదనం) పెట్టిన ఉక్కు. ఈ తేడా తెలియకే సగం బోనులు పాడవుతాయి.

ముందుగా ఒక మాట. తుప్పుకు బిగుసుకుని తెరిచి ఉన్న బోను ఎప్పుడు మూసుకుంటుందో చెప్పలేం. రెండడుగుల కట్టెతో పలకను నొక్కి, అది మూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

అపోహ: బాత్రూం యాసిడ్‌లో గంట నానబెడితే చాలు

తళతళలాడే మాట నిజమే. అయితే యాసిడ్ ఇనుమును తినేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. కొంత బుడగలుగా పోతుంది, కొంత ఉక్కులోకి ఇంకుతుంది. మెత్తని ఇనుము తట్టుకుంటుంది గానీ పదునున్న స్ప్రింగు పెళుసవుతుంది. పైకి ఏమీ తెలీదు. కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, మర్నాడు వంచితే వంపు దగ్గర టప్పున విరుగుతుంది. విరిగిన చోట పటికబెల్లం ముక్కలా పలుకులు పలుకులుగా మెరుస్తుంది. పైగా ఆ యాసిడ్ ఆవిరికి గదిలో ఉన్న మిగతా పనిముట్లూ తుప్పు పడతాయి.

స్ప్రింగుకు ఏ యాసిడూ వద్దు. కిరోసిన్‌లో, అది దొరక్కపోతే డీజిల్‌లో రెండు మూడు రోజులు నానబెట్టి, ఇత్తడి తీగల బ్రష్షుతో రుద్ది, 000 నంబరు స్టీల్ ఉన్నితో ముగించాలి. దవడలకు, గొలుసుకు తెల్ల వెనిగర్ సరిపోతుంది. 12 నుంచి 24 గంటలు ఉంచి, మధ్యలో నాలుగైదు గంటలకోసారి తీసి రుద్దాలి. స్ప్రింగు విడిగా రాకపోతే రివెట్లు కొట్టకండి. వెనిగర్‌లో తడిపిన గుడ్డను దవడలకే చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కడితే ఆరిపోకుండా ఉంటుంది. స్ప్రింగు విప్పాల్సి వస్తే రెండు సి-క్లాంపులతో (సి ఆకారపు మర బిగింపులు) అణచాలి, కాలితో తొక్కి కాదు.

వెనిగర్ తర్వాత లీటరు నీటికి రెండు చెంచాల వంటసోడా కలిపి కడిగి, వెంటనే తుడిచి ఎండలో పెట్టాలి. తడిగా వదిలేస్తే గంట తిరిగేసరికి పసుపు తుప్పు మళ్లీ కమ్ముకుంటుంది.

వస్తువును వాషింగ్ సోడా నీళ్లలో ఉంచి బ్యాటరీ చార్జరుతో కరెంటు పంపి తుప్పు తీసే పద్ధతిలోనూ హైడ్రోజన్ పుట్టేది మన వస్తువు మీదే. దవడలకు ఫరవాలేదు, స్ప్రింగుకు వద్దు. చార్జరు రెండో తీగకు స్టీలు చెంచా తగిలించడం అసలే వద్దు: అందులోని క్రోమియం విషపదార్థమై నీళ్లలో కలుస్తుంది.

అపోహ: కొలిమిలో ఒకసారి ఎర్రగా కాలిస్తే పొలుసు రాలిపోతుంది

పొలుసుతో పాటు స్ప్రింగు పదునూ పోతుంది. ఆ తర్వాత వంచితే వంగిన చోటే ఉండిపోతుంది. మళ్లీ పదును పెట్టడం కొలిమి పని బాగా తెలిసినవాళ్లకే సాధ్యం.

అపోహ: కొత్తదానిలా మెరిస్తేనే బాగుచేసినట్టు

గ్రైండరు పెడితే సుత్తి దెబ్బల జాడలు, తయారీ గుర్తులు చెరిగిపోతాయి. వదిలించాల్సింది ఎర్రగా పొడిపొడిగా రాలేదాన్నే. దాని కింద గట్టిగా అంటుకున్న నల్లటి పొరను ఉంచాలి. గుంటల్లో మిగిలిన పలుచని తుప్పుకు కరక్కాయ బాగా పనిచేస్తుంది. 50 గ్రాముల పొడిని లీటరు నీటిలో పావుగంట మరిగించి, వడకట్టి, రెండు పూతలు వేస్తే ఎరుపు నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావణం తగిలితే వచ్చే నలుపూ ఇదే.

అపోహ: మన ఎండలకు తుప్పు పట్టదు

అనంతపురంలో వాన తక్కువే. కానీ చవుడు నేలలో పడి ఉన్న బోను గుంటల్లో ఉప్పు చేరి ఉంటుంది. సెప్టెంబరు వానలకు గాలి చెమ్మ ఎక్కగానే అది మళ్లీ పని మొదలెడుతుంది. అలాంటిదాన్ని మూడు నాలుగు సార్లు మంచినీళ్లు మారుస్తూ నానబెట్టి కడగాలి, బోరు నీళ్లతో కాదు.

అపోహ: బాగుచేస్తే పందులకు పొలంలో పెట్టుకోవచ్చు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చులు, బోనులు పెట్టి అడవి జంతువును పట్టడమూ వేటే. పైగా పలకకు పందో, దూడో, మనిషో తెలీదు. గోడకు తగిలించేటప్పుడు కూడా దవడలు మూసి తీగతో బిగించండి.

అపోహ: చివర్లో శనక్కాయ నూనె రాస్తే సరి

మన దగ్గర పుష్కలంగా దొరుకుతుంది కాబట్టి ఈ అలవాటు. శనక్కాయ నూనె ఆరదు. జిగటగా ఉండి దుమ్ము పట్టి ముక్కిపోయిన వాసన వేస్తుంది. ఆరే గుణమున్నది అవిసె నూనె. ఉడికించిన అవిసె నూనె (బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్) పలుచగా రాసి, పావుగంటకు మిగులును తుడిచేసి, రోజంతా ఆరనిచ్చి రెండో పూత వేయాలి. ఆ నూనె గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది, ఏప్రిల్, మేలలో మరీ. బయట తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి ఉంచండి.