పేరు తేల్చేది ఐదో జత కాళ్లు

2022లో కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట, పులికాట్ తీరం మన తిరుపతి జిల్లాలో కలిశాయి. చలికాలంలో అందరం అక్కడికి ఫ్లెమింగోలను చూడటానికి పోతాం. నేను సన్నటి వలలో వడకట్టిన నీళ్లు ఒక సీసాడు తెచ్చుకున్నాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నూకలో నూకంత చుక్కలు ఉలిక్కిపడి ఎగురుతున్నాయి.

అవి కోపెపాడ్‌లు, రొయ్యకూ పీతకూ చుట్టాలు. ఆ గ్రీకు పేరుకు ‘తెడ్డు కాళ్లవి’ అని అర్థం. వీటిలో మంచినీటి రకం మన పెద్దవాళ్లను చాలా ఏడిపించింది. దిగుడుబావి నీళ్లతో నారికురుపు పురుగును ఒంట్లోకి చేర్చింది సైక్లోప్స్ అనే కోపెపాడే. నీళ్లు గుడ్డలో వడకట్టుకోమన్నది అందుకే.

ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట బాగా దొరికే ప్రజాతి అకార్షియా. ఒళ్లు సుమారు ఒక మిల్లీమీటరు, గాజులా ఉంటుంది. ఇందులో ఏ జాతి అన్నది తేల్చాలంటే నుదుటి కింద రెండు సన్న పోగులు ఉన్నాయా, ఛాతీ వెనక మూలలు గుండ్రంగా ఉన్నాయా, ముళ్లు తేలాయా అని చూడాలి. అయినా అసలు సాక్ష్యం ఐదో జత కాళ్లే. గ్లిజరిన్ చుక్కలో పడుకోబెట్టి, రెండు సన్నటి సూదులతో వాటిని విడదీయాలి. ఊపిరి బిగబట్టి చేసే పని!

ముందున్న నాలుగు జతలు ఈతకు. అందుకే అవి అన్ని జాతుల్లోనూ దాదాపు ఒకలాగే ఉంటాయి. ఐదో జత జతకట్టడానికి. మగది మడత పడే కుడి మీసంతో ఆడదాన్ని పట్టుకుని, ఐదో కాళ్లతో అదిమి, వీర్యపు సంచిని అంటిస్తుంది. ఆ కాళ్లు కుడి ఎడమలు ఒకలా ఉండవు. ఆడదానికి అక్కడ మిగిలింది చిన్న మొద్దు, ఒక ముల్లు, పక్కన ఈకలాంటి పొడవాటి వెంట్రుక. ఆ ముల్లు అడుగున ఎంత లావు, అంచున రంపపు పళ్లున్నాయా అన్న దాంట్లోనే జాతుల తేడా ఉంటుంది. ఈ వివరం నాకు ఎప్పటికీ పాతబడదు.

కాళ్లు కూడా చెప్పలేని తేడాలున్నాయి. అమెరికా తూర్పు తీరంలో అకార్షియా టోన్సా అని ఒకే పేరుతో పిలిచేవాటిలో వేర్వేరు వంశాలున్నాయని డీఎన్ఏ పరీక్షల్లో బయటపడింది.

గుడ్డులోంచి వచ్చాక పదకొండుసార్లు కుబుసం విడిస్తేనే ఇది పెద్దదవుతుంది, ఐదో కాళ్లు పూర్తి రూపానికి వస్తాయి. నా సీసాలో ఎక్కువ పిల్లలే. వాటిని అకార్షియా అని మాత్రం రాసి, జాతి పేరు చోట గీత గీశాను.