ఆమ్‌స్టర్‌డామ్‌లో "అది" ఓపెనే కదండీ? గంజాయి చట్టాలపై అపోహలు - వాస్తవాలు

కోచ్ బ్రస్సెల్స్ దాటి నెదర్లాండ్స్ దారి పట్టగానే వెనక సీట్లలో గుసగుసలు మొదలవుతాయి. పన్నెండేళ్లుగా తెలుగు గ్రూపులను యూరప్ తిప్పుతున్నాను. ఈఫిల్ టవర్ ఎత్తెంత అని అందరి ముందూ అడుగుతారు కానీ ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అందరి ముందూ అడగరు. పెట్రోల్ బంకు దగ్గర కోచ్ ఆగినప్పుడు, ఇంట్లోవాళ్లు వాష్‌రూమ్ వైపు వెళ్లడం చూసుకుని, పక్కకు వచ్చి, "అక్కడ అది ఓపెన్‌గానే దొరుకుతుందట కదండీ?" అంటారు. పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడూ అడుగుతాడు, రిటైరైన హెడ్మాస్టారూ అడుగుతారు.

నేను లాయర్ని కాను. నలభై మందిని తీసుకెళ్లి నలభై మందినీ వెనక్కి తీసుకురావడం నా పని. అందుకోసం తెలుసుకోక తప్పని సంగతులే ఇవి.

అపోహ: నెదర్లాండ్స్‌లో గంజాయి లీగల్.

కాదు. అక్కడ ఓపియం చట్టం అని ఒకటి ఉంది, దాని ప్రకారం గంజాయి నేటికీ నిషిద్ధమే. 1976లో ఆ చట్టాన్ని సవరించి మత్తుపదార్థాలను రెండు జాబితాలు చేశారు. హెరాయిన్, కొకైన్ లాంటివి ఒక జాబితాలో, గంజాయి, చరస్ రెండో దాంట్లో. రెండో జాబితాలోవి కొద్ది మొత్తంలో ఉంటే కేసు పెట్టకూడదని ప్రభుత్వం ఒక విధానం పెట్టుకుంది. డచ్చివాళ్లు దాన్ని "ఖెడోఖెన్" అంటారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని అనువదించడానికి తంటాలు పడతారు గానీ మనకు ఆ ఇబ్బంది లేదు. చూసీ చూడనట్టు పోవడం, అంతే.

ఆ చూడనట్టు పోవడానికి లెక్కలున్నాయి. వయసు 18 నిండాలి. దగ్గర 5 గ్రాములు మించకూడదు. ఆ లోపు ఉన్నా పోలీసు కావాలంటే లాక్కోవచ్చు, కేసు మాత్రం పెట్టడు. గంజాయి అమ్మే దుకాణాన్ని అక్కడ కాఫీషాపు అంటారు, అది రోజుకు ఒక మనిషికి 5 గ్రాములే అమ్మాలి, షాపులో సరుకు 500 గ్రాములు దాటకూడదు, మద్యం అమ్మకూడదు, ప్రకటనలు వేయకూడదు, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది కలిగించకూడదు. తప్పితే మేయరు షాపు మూయించగలడు.

ఇందులో నాకు ఎప్పుడూ విచిత్రంగా అనిపించే సంగతి ఇంకొకటి. షాపువాడు మీకు అమ్మితే ఊరుకుంటారు, కానీ ఆ షాపుకు సరుకు తెచ్చి ఇవ్వడం నేరం. ముందు గుమ్మంలో చెల్లేది వెనక గుమ్మంలో చెల్లదు. దశాబ్దాలు ఇలాగే నడిచాక, అనుమతి ఉన్నవాళ్లు పండించిందే షాపులకు సరఫరా చేసే ప్రయోగం 2023 డిసెంబరులో బ్రెడా, టిల్‌బర్గ్ ఊళ్లలో మొదలైంది. ఇప్పుడది పది మున్సిపాలిటీలలో నడుస్తోంది. మన గ్రూపులు దిగే ఆమ్‌స్టర్‌డామ్ ఆ పదింటిలో లేదు.

అపోహ: కాఫీషాపంటే కాఫీ తాగే చోటే.

నవ్వకండి. మూడేళ్ల కిందట మా గ్రూపులో రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దవాళ్లు, భార్యాభర్తలు, వాన పడుతుంటే బోర్డు చూసి లోపలికి వెళ్లిపోయారు. కౌంటర్లో అబ్బాయి మెనూ కార్డు ఇచ్చాడు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి, "ఇందులో మామూలు డికాక్షన్ ఏదీ?" అని నాకు ఫోన్ చేశారు. అక్కడ కాఫీ కూడా దొరుకుతుంది, తప్పేం లేదు. కానీ కాఫీ కోసమే అయితే "కెఫే" అనో "కాఫీహౌస్"కు డచ్చి మాట అయిన "కోఫీహౌస్" అనో ఉన్న బోర్డు చూడండి. 18 లోపు పిల్లలుంటే, అమ్మానాన్నలు పక్కనున్నా సరే, కాఫీషాపు గడప తొక్కనివ్వరు. ఐడీ అడుగుతారు.

అపోహ: టూరిస్టులకు ఎక్కడైనా అమ్ముతారు.

2013 నుంచి రూలు ప్రకారం కాఫీషాపులు నెదర్లాండ్స్‌లో నివాసం ఉన్నవాళ్లకే. అమలు చేయాలా వద్దా అన్నది ఏ ఊరికి ఆ ఊరి ఇష్టం. ఆమ్‌స్టర్‌డామ్ పట్టించుకోదు. బెల్జియం సరిహద్దులో ఉన్న మాస్ట్రిక్ట్ ఈ రూలు అమలుకు పేరుపడ్డ ఊరు.

అపోహ: కొన్నాక ఎక్కడ కాల్చినా ఒకటే.

ఆమ్‌స్టర్‌డామ్ పాత నగరంలో డీ వాలెన్ అనే ప్రాంతం ఉంది. రెడ్ లైట్ ఏరియా అంటే అందరికీ తెలుస్తుంది. 2023 మే 25 నుంచి అక్కడా, డామ్ స్క్వేర్ చుట్టుపక్కల వీధుల్లోనూ బయట గంజాయి కాల్చడం నిషేధం. దొరికితే 100 యూరోలు. అర్ధరాత్రి దాకా తాగి ఊగే టూరిస్టులతో అక్కడ కాపురముండేవాళ్లు విసిగిపోయి తెచ్చుకున్న రూలు ఇది, వాళ్లను తప్పు పట్టలేం. హోటల్ గదుల్లో మామూలుగా ఏ పొగా కుదరదు, డిటెక్టర్ మోగితే క్లీనింగ్ చార్జీ మీ కార్డు మీదే పడుతుంది.

ఇంకో తమాషా. 2008 జులై నుంచి హోటళ్లు, బార్లలో పొగాకు నిషేధం, కాఫీషాపులకూ అదే వర్తిస్తుంది. అంటే లోపల గంజాయి కాల్చినా ఊరుకుంటారు గానీ, అందులో పొగాకు కలపనివ్వరు.

అపోహ: కేకే కదా, ఏమవుతుంది?

నా అనుభవంలో గొడవంతా ఇక్కడే. కాల్చడానికి భయపడేవాళ్లు గంజాయి కలిపిన కేకు ముక్కకు భయపడరు. మనవాళ్లు "ఇందులో ఎగ్ ఉందా?" అని మూడుసార్లు అడుగుతారు, మత్తు ఎంత ఉందని ఒక్కసారీ అడగరు. పొగ అయితే నిమిషాల్లో తెలుస్తుంది. కడుపులోకి వెళ్లింది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ముప్పావుగంట చూసి, "ఏం లేదు బావా, డబ్బులు దండగ" అని రెండో ముక్క తింటారు. తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. ఒక కుర్రాడు అలా తిని, కెనాల్ బోటులో గుండె ఆగిపోతోందని నా చెయ్యి పట్టుకుని రెండు గంటలు వదల్లేదు. చనిపోతే అమ్మకు ఏం చెప్పాలో కూడా నాకు అప్పజెప్పాడు. రాత్రికి లేచి పులిహోర తిన్నాడు, అది వేరే సంగతి.

అలాంటప్పుడు 112కు ఫోన్ చేయండి, డాక్టరుకు ఏం తిన్నారో దాచకుండా చెప్పండి. కేసవుతుందని భయపడి దాస్తే వైద్యమే ఆలస్యమవుతుంది. ఇన్సూరెన్స్ గురించి మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. మన దగ్గర అమ్మే ట్రావెల్ పాలసీల్లో మత్తులో ఉండగా జరిగినదానికి క్లెయిము ఇవ్వబోమన్న షరతు సాధారణంగా ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవండి.

వీధిలో ఎవడైనా చెవి దగ్గరికొచ్చి "కోక్?" (అంటే కొకైన్) అని గొణిగితే ఆగకండి. వీధిలో అమ్మేది ఏదైనా నేరమే, పైగా ఎక్కువగా నకిలీ. 2014లో కొకైన్ అని తెల్ల హెరాయిన్ అంటగడితే బ్రిటన్ నుంచి వచ్చిన టూరిస్టులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊరంతా హెచ్చరిక బోర్డులు పెట్టాల్సి వచ్చింది.

అపోహ: యూరప్‌లో చాలా దేశాలకు షెంగెన్ వీసా ఒకటే కాబట్టి చట్టమూ ఒకటే.

మా కోచ్ ఉదయం ఆమ్‌స్టర్‌డామ్‌లో బయలుదేరి మధ్యాహ్నానికి జర్మనీలో కొలోన్ చర్చి ముందు ఆగుతుంది. దారిలో సరిహద్దు వచ్చిందని చెబితే తప్ప తెలియదు. పాస్‌పోర్టు చూడలేదు కాబట్టి బార్డరే లేదనుకుంటారు. కానీ జేబులో మిగిలిన రెండు గ్రాములు ఆ గీత దాటిన క్షణం అది మత్తుపదార్థాల అక్రమ రవాణా. మొత్తం ఎంతన్నది తర్వాతి మాట.

"జర్మనీలో కూడా ఇప్పుడు లీగలే కదా సార్" అని ఒకాయన వాదించారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అక్కడ పెద్దవాళ్లు బయట 25 గ్రాముల వరకు దగ్గర ఉంచుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు, నిజమే. కానీ అమ్మే షాపులు లేవు. పండించి పంచుకునే క్లబ్బులున్నాయి, వాటిలో చేరాలంటే కనీసం ఆరు నెలలుగా జర్మనీలో ఉంటుండాలి. పర్యాటకుడికి చట్టబద్ధంగా కొనే దారే లేదు. అక్కడ ఎమ్మెస్ చదివే మీ అబ్బాయి క్లబ్ మెంబరైతే, తన వాటాలోంచి మీకు ఇవ్వడం కూడా నేరమే, డబ్బు తీసుకోకపోయినా సరే. నడిచి తిరిగే షాపింగ్ వీధుల్లో ఉదయం 7 నుంచి రాత్రి 8 వరకు, స్కూళ్లు, ఆటస్థలాలు కనిపించేంత దూరంలో ఎప్పుడైనా, కాల్చకూడదు.

ఫ్రాన్స్‌లో వాడకం నేరం, 2020 నుంచి అక్కడికక్కడే 200 యూరోల జరిమానా రాసిచ్చే పద్ధతి పెట్టారు. స్విట్జర్లాండ్‌లో తాగితే 100 ఫ్రాంకులు. ఒకే టూరు, నాలుగు దేశాలు, నాలుగు లెక్కలు.

కారు అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక్క మాట. నెదర్లాండ్స్‌లో 2017 జులై నుంచి రోడ్డు మీద ఉమ్మి పరీక్ష చేస్తారు. షాపులో ఊరుకున్నారు కదా అని స్టీరింగ్ దగ్గర ఊరుకోరు.

అపోహ: ఇండియాకు కొంచెం తెచ్చుకుంటే ఎవరికి తెలుస్తుంది?

శంషాబాద్‌లో దిగగానే వర్తించేది మత్తుపదార్థాలపై 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం. గంజాయిలో కిలో వరకు, చరస్‌లో 100 గ్రాముల వరకు "చిన్న మొత్తం" కిందికి వస్తుంది. చిన్నదంటే వదిలేస్తారని కాదు, ఏడాది వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకో సంగతి చాలామంది లాయర్లకు కూడా గుర్తుండదు. ఆ చట్టం దేశం బయట ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందని మొదటి సెక్షన్లోనే రాసి ఉంది. నా గ్రూపుల్లో ఎవరి మీదా అలాంటి కేసు పడలేదు, కానీ "అక్కడ చేసింది ఇక్కడ అడగరు" అని ధీమాగా చెప్పేవాళ్లు ఆ లైను చదివి చెప్పాలి. దుబాయ్, దోహా మీదుగా వచ్చేవాళ్లకు మధ్యలో ఇంకో చట్టం కూడా తగులుతుంది, అవి మన చట్టంకన్నా కఠినం.

ఎయిర్‌పోర్టుకు వెళ్లే రోజు ఉదయం నేను కోచ్‌లో ఒకటే పని చేయిస్తాను. జాకెట్ జేబులు, చిన్న బ్యాగులు అందరి చేతా ఖాళీ చేయిస్తాను. సావనీర్ షాపుల్లో కొన్న ఆకు బొమ్మ లాలీపాప్‌లు, బిస్కెట్లు బయటపడతాయి. వాటిలో చాలావాటికి మత్తు ఉండదు, బొమ్మే. అయినా ఆ బొమ్మకు కస్టమ్స్ కౌంటర్లో అర్ధరాత్రి వివరణ ఇచ్చుకునే టెన్షన్ ఎవరికి కావాలి? కిందటిసారి అలా పోగైన లాలీపాప్‌లన్నీ చెత్తబుట్టలో వేస్తుంటే, మనవడికని కొన్న ఒకావిడ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.