ఉక్కును సరిచేసే తోలు

తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల దిక్కు ఏ ఇంటికి పోయినా కాలి కింద బండలే. కూరగాయలు తరిగే కత్తి మొద్దుబారితే వాకిట్లో మెట్టు అంచుకు నాలుగుసార్లు రాసి మళ్లీ పనిలో పడతారు. కత్తి నిజంగానే మునుపటికంటే బాగా తెగుతుంది. లెక్క ప్రకారం అలా జరగకూడదు. మన బండ సున్నపురాయి, అందులో ముఖ్యమైన ఖనిజం కాల్సైట్. ఖనిజాల గట్టిదనాన్ని చెప్పే మోస్ స్కేలు మీద కాల్సైట్‌ది 3. కాల్చి, చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు 6.5 దగ్గర ఉంటుంది. మెత్తనిది గట్టిదాన్ని అరగదీయలేదు కదా.

సగం జవాబు రాయిలో ఉంది. ఈ సున్నపురాయిలో కొంత సిలికా కలిసి ఉంటుంది. దాని గట్టిదనం 7 కాబట్టి ఉక్కును గీరగలదు. మిగతా సగం జవాబు కత్తి అంచులో ఉంది. మొద్దుబారిన కత్తి వాదర అంతా అరిగిపోయి ఉండదు, చాలాచోట్ల పక్కకు ఒరిగి ఉంటుంది. ఒరిగినదాన్ని నిలబెట్టడానికి ఉక్కుకంటే గట్టి వస్తువు అక్కర్లేదు.

ఈ రెండో సంగతి ఎంత లోతైనదో తెలియాలంటే వంటింటి కత్తిని పక్కన పెట్టి, గడ్డం గీసే మడత కత్తిని చేతికి తీసుకోవాలి. సానరాయి మీద నూరడం అయ్యాక ఆ కత్తిని తోలు పట్టీ మీద అటూ ఇటూ లాగుతారు. తోలును వేలితో తడిమితే నున్నగా ఉంటుంది, గరుకు తగలదు. అయినా ఆ పని కాకుండా కత్తిని చెంప మీద పెడితే గీరుకుపోయి మంట పుడుతుంది. రాయి మిగిల్చిన పని ఏమిటి? దాన్ని తోలు ఎలా పూర్తి చేస్తోంది?

ముందు కత్తి ఆకారం చూద్దాం. దాని వీపు మందంగా ఉంటుంది, వాదర వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది. రాయి మీద పడుకోబెడితే వీపు, వాదర రెండూ ఒకేసారి రాయిని తాకుతాయి. అందువల్ల ఏ కోణంలో పట్టుకోవాలనే టెన్షన్ ఉండదు, కోణం కత్తి కొలతల్లోనే ఇమిడి ఉంది. వీపు 5 మిల్లీమీటర్ల మందం, వీపు నుంచి వాదరకు 18 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న కత్తికి లెక్క కడితే రెండు వైపులూ సుమారు 16 డిగ్రీల కోణంలో కలుస్తాయి. ఏళ్ల తరబడి నూరితే వాదరతో పాటు వీపు కూడా అరుగుతుంది, కోణం పెద్దగా చెదరదు. ఇంత తెలివైన ఏర్పాటు ఉన్న చేతి పనిముట్లు చాలా తక్కువని నా అభిప్రాయం.

సానరాయి చేసేది ఉక్కుకంటే గట్టి రేణువులతో ఉక్కును గీరడం. బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో దొరికే పసుపుపచ్చ కోటికూల్ రాయిలో అతి సన్నని గార్నెట్ స్ఫటికాలు ఉంటాయి. అమెరికాలోని ఆర్కన్సా రాయి దాదాపు పూర్తిగా సిలికానే. క్యోటో దగ్గరి గనుల రాళ్లకు, జర్మనీలోని తురింగియా పలకరాళ్లకు కూడా ఈ పనిలో మంచి పేరుంది. పలకరాయికి మన కడప బేసిన్‌లోనూ, అంటే కడప చుట్టుపక్కల పాత రాతిపొరలు పరుచుకున్న ప్రాంతంలోనూ, కొదవ లేదు, మార్కాపురం పలకలు ఈ బేసిన్‌లోవే. అయితే ప్రతి పలకరాయీ సానరాయి కాదు. రేణువులన్నీ ఒకే సన్నదనంలో ఉండాలి. ఒక్క ముతక ఇసుక రేణువు తగిలినా, అప్పటిదాకా పడిన శ్రమను ఒక్క గీతతో పాడుచేస్తుంది.

రాయి ఎంత మంచిదైనా అది వదిలేది గీతలనే. రెండు వైపుల గీతలూ వాదర దగ్గర కలిసినప్పుడు అక్కడ కంటికి కనబడని పళ్లు ఏర్పడతాయి. ఆ పళ్ల చివర, అక్కడక్కడా, ఉక్కు చాలా పలచని రేకుగా సాగి ఉంటుంది. ఒక వైపు నూరితే ఈ రేకు రెండో వైపుకు వాలుతుంది, అటు నూరితే ఇటు వాలుతుంది. అంత పలచనిది రాయి ఒత్తిడికి ఎదురు నిలబడదు, ఒరిగి తప్పుకుంటుంది. ఎదురు నిలవనిదాన్ని రాయి కోయలేదు. రాయి సామర్థ్యం ఇక్కడితో అయిపోతుంది.

ఎంత పలచన అన్నది లెక్క వేయవచ్చు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 16 డిగ్రీల వాదర కొస నుంచి ఒక మైక్రాన్ వెనక్కి వస్తే, అక్కడ ఉక్కు మందం 0.28 మైక్రాన్ మాత్రమే. గడ్డం వెంట్రుక మందం 100 మైక్రాన్ల పైమాటే. రేకు వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే ఆ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది, పదో వంతైతే వెయ్యో వంతుకు. కొస దగ్గర ఉక్కు గట్టిదనం ఏమీ తగ్గలేదు, వంగకుండా నిలిచే మందమే అక్కడ లేదు. అందుకే అక్కడ ఉక్కు మీద తోలు మాట చెల్లుతుంది.

రాయి మీద వాదర ముందుండేలా తోస్తాం. తోలు మీద వీపు ముందుండాలి, వాదర వెనక రావాలి. అలా లాగుతున్నప్పుడు తోలు రాపిడి ఒరిగిన రేకులను కొస దిక్కుకు సాగదీసి వరసలో నిలబెడుతుంది. మరీ బలహీనమైనవి అటూ ఇటూ వంగి వంగి, పదే పదే వంచిన ఇనుప తీగలాగా, అలసి విరిగిపోతాయి. గీతల అంచులు కొద్దిగా నునుపెక్కుతాయి. మిగిలేది వరసగా నిలబడ్డ గట్టి ఉక్కు. ఈ పనిలో లోహం పోయేది అతి స్వల్పం, ఉన్న లోహం సర్దుకోవడమే ఎక్కువ.

మెత్తనిదే అయినా వెంట్రుక కూడా కత్తిని పాడుచేస్తుంది. వెంట్రుక ఉక్కుకంటే సుమారు 50 రెట్లు మెత్తన. మరి కత్తి ఎందుకు మొద్దుబారుతుంది? అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వెంట్రుకలను బ్లేడుతో కోసి చూసి, 2020లో సైన్స్ పత్రికలో జవాబు ప్రచురించారు. కోసేటప్పుడు వెంట్రుక వంగి పక్క నుంచి నెడుతుంది. ఉక్కు లోపలి నిర్మాణం అంతా ఒకేలా ఉండదు, గట్టి చోటు మెత్తని చోటు కలిసే దగ్గర ఆ తోపుకు వాదర చిట్లుతుంది. వాళ్లు పరీక్షించినవి వాడి పారేసే బ్లేడ్లు. అయితే మడత కత్తికి కూడా పనికొచ్చే పాఠం ఇందులో ఉంది: గడ్డాన్ని బాగా తడపాలి. నీళ్లు పీల్చుకున్న వెంట్రుకను కోయడానికి చాలా తక్కువ బలం సరిపోతుంది, వాదర మీద తోపూ తగ్గుతుంది. ఒరిగిన వాదరను తోలు నిలబెట్టగలదు, చిట్లినదాన్ని మాత్రం అతికించలేదు. ఆ కత్తి మళ్లీ రాయి మీదికే పోవాలి.

నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట: ఒత్తొద్దప్పా. ఒత్తితే తోలు కిందికి కుంగుతుంది, కత్తి దాటగానే వాదర వెనక పైకి లేస్తుంది. అలా లేచే తోలు కొసను గుండ్రంగా చేస్తుంది, మనమే మన చేత్తో కత్తిని మొద్దుబార్చినట్టవుతుంది. పట్టీని బిగుతుగా లాగి పట్టుకోవాలి, వీపును తోలు నుంచి ఎత్తకూడదు, కత్తి బరువుకు మించి భారం వేయకూడదు. తిప్పేటప్పుడు వీపు మీదే దొర్లించాలి. వాదర మీద దొర్లిస్తే ఒక్క దెబ్బకు తోలూ తెగుతుంది, వాదరా పోతుంది. వేగం అవసరం లేదు, అదే వస్తుంది.

తోలు కుంగకుండా ఉండాలంటే దాన్ని పదును చేసిన పద్ధతి, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లిపోకుండా తోలుగా మార్చిన పద్ధతి, కూడా ముఖ్యం. చెట్ల నుంచి తీసిన టానిన్ అనే వగరు పదార్థంతో పదును చేసిన తోలు దిట్టంగా ఉంటుంది. మన బీడుల్లో, రోడ్ల పక్కన పచ్చగా పూసే తంగేడు చెక్కలో ఈ టానిన్ బాగా ఉంది. దక్షిణాదిలో తోళ్లను పదును చేయడానికి తంగేడు చెక్క, కరక్కాయ ఎంతో కాలం వాడారు. టానిన్ తోలులోని కొల్లాజెన్ పోగులకు అతుక్కుని వాటిని ఒకదానితో ఒకటి కట్టిపడేస్తుంది. దిట్టమైన ఎనుము తోలు పట్టీ దొరికితే వదులుకోవద్దు.

చాలా పట్టీలకు తోలుతో పాటు కాన్వాసు గుడ్డ కూడా ఉంటుంది. ముందు గుడ్డ మీద లాగితే తడి, కంటికి కనబడని తుప్పు పోతాయి. కార్బన్ ఉక్కు వాదర అంత పలచన కాబట్టి కొద్ది తుప్పు కూడా దానికి పెద్ద నష్టమే. కొందరు పట్టీకి ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడ్ పేస్టు రాస్తారు. దాని రేణువులు సుమారు అర మైక్రాన్, గట్టిదనం ఉక్కుకంటే ఎక్కువ. అది రాశాక తోలు కూడా మెత్తని సానరాయి అయిపోతుంది, పట్టీ మీద పడే నల్లని చారలు ఊడిన ఉక్కే. అప్పుడప్పుడు వాడితే మేలు. దానికి వేరే పట్టీ పెట్టుకోవాలి, రోజువారీ తోలుకు అంటనివ్వకూడదు.

ఇప్పుడు సెలూన్లలో బ్లేడును సగానికి విరిచి పిడిలో పెట్టి వాడుతున్నారు. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడితే రక్తం ద్వారా హెపటైటిస్ బి, సి వ్యాపించే ప్రమాదం ఉంది కాబట్టి అది సరైన మార్పు. తోలు పట్టీ, మడత కత్తి ఇంట్లో ఒక్కరి వాడకానికే ఉండాలి.

అలా ఉంచుకునేవాళ్లు అనంతపురం గాలిని మరిచిపోకూడదు. ఆ జిల్లా నేల చాలావరకు గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్లు అరిగి ఏర్పడింది, గాలికి లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. క్వార్ట్జ్ గట్టిదనం 7, ఉక్కుకంటే ఎక్కువ. కిటికీ పక్కన వేలాడదీసిన పట్టీ మీద ఆ దుమ్ము పడితే, నునుపు చేయాల్సిన తోలే వాదరను గీరుతుంది. పట్టీని గుడ్డ సంచిలో పెట్టి తలుపు వెనక తగిలించాలి. వాడే ముందు పొడి గుడ్డతో తుడిచి, అరచేత్తో పైనుంచి కిందికి నిదానంగా నిమరాలి. అరచేతి వేడికి, జిడ్డుకు ఎండిన తోలు కాస్త సాగుతుంది, ఇసుక పలుకు ఏదైనా మిగిలి ఉంటే చేతికి తగులుతుంది.