వాన తప్పా, నాలా తప్పా?

“మా అమ్మకు అల్జీమర్స్. జన్యుపరీక్ష చేయించుకుంటే నాకూ వస్తుందో రాదో తేలిపోతుందా?” అని మలక్‌పేట పాఠకురాలు ఒకరు అడిగారు. తేలదు. జాతకచక్రం మీద పోయిన నమ్మకాన్ని చాలామంది ఇప్పుడు ల్యాబు రిపోర్టు మీద పెట్టుకుంటున్నారు.

ఏపీపీ, ప్రిసెనిలిన్ జన్యువుల్లో కొన్ని మార్పులు ఉంటే జబ్బు దాదాపు తప్పదు. అయితే అలాంటివి నూటికి ఒకటి కూడా ఉండవు. అరవై అయిదు దాటాక వచ్చే జబ్బులో ముఖ్యపాత్ర ఏపీఓఈ జన్యువుది. ఐరోపా సంతతివారిలో దీని ఈ4 రకం ఒక ప్రతి ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండుంటే పది రెట్లకు అటూఇటూ. మామూలు ఈ3కీ దీనికీ తేడా ఎంతంటే, ఆ జన్యువు తయారుచేయించే 299 అమైనో ఆమ్లాల ప్రోటీనులో 112వ చోట సిస్టీన్‌కు బదులు ఆర్జినిన్. అంతే!

ఆ ఒక్క మార్పు మతిని ఎలా పోగొడుతుంది? మెదడు కణాలు అమిలాయిడ్ బీటా అనే ప్రోటీను ముక్కను అందరిలోనూ నిత్యం వదులుతూనే ఉంటాయి. అది వాన. దాన్ని బయటికి పంపే దారుల్లో ముఖ్యమైన రక్తనాళాలు వాననీరు పోయే నాలాలు. కాలనీ మునిగితే ప్రతిసారీ మబ్బును తిట్టలేమని హైదరాబాదీలకు చెప్పాలా? వంశపారంపర్యంగా చిన్నవయసులో వచ్చే జబ్బుది ఎక్కువగా వాన తప్పు. వృద్ధుల్లో అలా కాదు: అమిలాయిడ్ తయారీ మామూలుగానే ఉందనీ, తొలగింపు సుమారు 30 శాతం మందగించిందనీ 2010లో కొలిచి చూపారు.

నాలా గట్టు సంగతి ఇంకా రసవత్తరం. మెదడు కేశనాళికలను పెరిసైట్లనే కణాలు కావలించుకుని ఉంటాయి. ఎలుకల్లో ఈ4 ఉంటే ఈ కణాల్లో సైక్లోఫిలిన్-ఏ అనే ప్రోటీను విజృంభించి, ఎన్ఎఫ్-కప్పా-బి అనే మరో ప్రోటీను ద్వారా ఎంఎంపీ-9 ఎంజైమును రేపుతుంది. అది రక్తనాళపు గోడను పట్టి ఉంచే ప్రోటీన్లను కొరికేస్తుంది. గట్టు తెగి, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ లాంటివి మెదడులోకి చొరబడతాయి. మరోవైపు ఈ4ను అంటుకున్న అమిలాయిడ్ గోడ దాటి బయటికి పోవడం నెమ్మదిస్తుంది. మిగిలినదాంట్లో కొంత ధమనుల గోడల్లో పూడికగా పేరుకుంటుంది, దాంతో ప్రవాహం ఇంకా తగ్గుతుంది. నడివయసు రక్తపోటు, మధుమేహం ఇదే గట్టును వేరే వైపు నుంచి తవ్వుతాయి. అందుకే ఆ పాఠకురాలికి నా సలహా: ముందు బీపీ చూపించుకోండి.

పూడిక తీయడమూ తేలిక కాదు. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ మందుతో మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు రావచ్చు. రెండు ఈ4 ప్రతులున్నవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. మందు మొదలుపెట్టే ముందు ఏపీఓఈ పరీక్ష చేయించమనేది అందుకే.