డేగకు డేగే పుడుతుందా? అసిల్ కోళ్ళ రంగుల మీద అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దగ్గరపడేకొద్దీ నాకు ఫోన్లు పెరుగుతాయి. "అన్నా, డేగ ఉందా? నెమలి ఉందా? అబ్రాసు దొరుకుతుందా?" అంతే. వయసెంత, బరువెంత, తల్లి ఎలాంటిది, టీకాలు పడ్డాయా అని అడిగేవాళ్ళు పదిమందిలో ఒకరుంటే గొప్ప. నేను పదమూడేళ్ళుగా అసిల్ అనే పందెం జాతి కోళ్ళు పెంచుతున్నాను. పందేలకు కాదు, జాతి నిలబెట్టుకోవడానికి, పిల్లల్ని అమ్ముకోవడానికి. మొదట్లో నేనూ రంగు చూసి డబ్బు తగలేసినవాణ్ణే. అందుకే ఈ గోల.

కొత్తవాళ్ళ కోసం ముందు పేర్లు. కాకి అంటే నల్లది, సేతు తెల్లది, డేగ ఎర్రది. లేత బంగారు రంగుది అబ్రాసు. వీపు మీదో రెక్కల మీదో పసుపు పడితే నెమలి. నలుపు, ఎరుపు, పసుపు మూడూ కలిస్తే కౌజు. మెడ మీద నలుపు, తెలుపు సమంగా ఉంటే పర్ల. ఎరుపులో బూడిద కలిస్తే మైల. ఒక్కో ఈక మీదే రెండు మూడు రంగులుంటే పూల. ఉత్తరాది వాళ్ళు ఇదే జాతిలో బంగారు ఎరుపుని పీలా అనీ, నలుపు-ఎరుపుని యాకూబ్ అనీ, తెలుపుని నూరీ అనీ, నలుపుని కాగర్ అనీ పిలుస్తారు. అసిల్ అనే పేరు కూడా మనం రోజూ వాడే 'అసలు' అన్న మాటకు చుట్టమే.

అపోహ: రంగురంగులుగా ఉంటే అది నాటుకోడే

అందరూ మోసపోయేది ఇక్కడే. వనరాజా, గ్రామప్రియ కూడా రంగు ఈకల కోళ్ళే. అవి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసినవి. మంచి కోళ్ళు, గుడ్లు బాగా పెడతాయి, నాకు వాటితో పేచీ లేదు. వాటినే బుట్టలో వేసుకొచ్చి "పక్కా నాటు, అసిల్ రక్తం" అని అమ్మేవాళ్ళతోనే పేచీ.

ఈకలు వదిలేసి ఒడ్డూ పొడుగూ చూడండి. అసిల్ తల మీద జుట్టు రంపపు పళ్ళలా నిలబడదు. చిన్న చిన్న బొడిపెలు మూడు వరుసలుగా నెత్తికి అతుక్కుని ఉంటాయి. గడ్డం కింద వేలాడే తోలు దాదాపు ఉండదు. మెడ పొడుగు, నిలువు నిలబడటం, భుజాల దగ్గర వెడల్పు, తోక కిందికి వాలి ఉంటుంది. ఈకలు పొట్టిగా, బిగుతుగా ఉండి రొమ్ము ఎముక మీద ఎర్రటి చర్మం కనిపిస్తుంది. రెండు చేతులతో ఎత్తి చూడండి. కంటికి రెండున్నర కిలోలనిపించిన పుంజు చేతిలో మూడున్నర తూగుతుంది. వనరాజాని ఎత్తితే దూదిలా ఉంటుంది. చేతికి ఒకసారి తెలిసిన ఈ తేడా మళ్ళీ మర్చిపోరు.

అపోహ: డేగ పుంజు కావాలంటే ఎర్ర పెట్ట వెయ్యాలి

మా దొడ్లో ఉన్న మంచి డేగ పుంజు తల్లి ఎర్రది కాదు, గోధుమ రంగుది. గోధుమ పిండిలో కాస్త బెల్లం కలిపితే వచ్చే రంగు. చూసినవాళ్ళంతా "ఇదేంటి, చప్పటి రంగు పెట్ట" అని పెదవి విరుస్తారు. చాలా డేగల్లో పుంజు ఎర్రగా మెరిస్తే అదే జాతి పెట్ట గోధుమ రంగులోనే ఉంటుంది. ఇద్దరిలోనూ ఉన్నవి అవే జన్యువులు. పెట్టలో ఊరే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఈకను వేరే రంగులో, గుండ్రటి కొసతో పుట్టిస్తుంది. అది లేనిచోట సన్నగా, పొడుగ్గా, నిగనిగలాడే మెడ ఈకలు వస్తాయి. ఎర్రటి పెట్ట కోసం ఊళ్ళన్నీ తిరిగి, చివరికి ఎక్కడో సంకర పెట్టని తెచ్చుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

అపోహ: తెల్ల పుంజు వేస్తే తెల్ల పిల్లలే వస్తాయి

నా మొదటి పెద్ద నష్టం ఇదే. సేతు పుంజుని బాగా డబ్బు పోసి కొన్నాను. నా దగ్గరున్నవన్నీ నల్ల పెట్టలు. ముప్ఫై పైచిలుకు పిల్లలు తీస్తే ఒక్కటంటే ఒక్కటి తెల్లగా పెరగలేదు. అన్నీ కాకులే. అమ్మినాయన మోసం చేశాడని ఊరంతా చెప్పుకున్నాను. పాపం, ఆయన తప్పేమీ లేదు.

కోళ్ళలో తెలుపు రెండు రకాలు. ఒకటి పెత్తనం చేసే తెలుపు. ఒక్క వైపు నుంచి వచ్చినా పిల్ల తెల్లగానే ఉంటుంది, మహా అయితే అక్కడక్కడా నల్ల చుక్క పడుతుంది. లెగ్‌హార్న్ అనే విదేశీ గుడ్ల జాతి తెలుపు ఇదే. రెండోది దాక్కునే తెలుపు. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. నా పుంజుది రెండోది. తర్వాత ఆ నల్ల పెట్టపిల్లల్ని అదే తెల్ల పుంజుకి కలిపితే దాదాపు సగం తెల్లవి వచ్చాయి. అయితే తండ్రీకూతుళ్ళ కలయిక ఒక్కసారితో ఆపాలి. అదే పని తరాల తరబడి చేస్తే ముందు పిల్లలయ్యే గుడ్లు తగ్గుతాయి, తర్వాత పిల్లలు గుడ్డులోనే చస్తాయి. నేను ఆ తర్వాతి ఏడే బయటి పుంజుని తెచ్చాను.

బూడిద రంగుది ఇంకో తమాషా. చాలామంది "బూడిద పుంజుకి బూడిద పెట్టని వేసినా అన్నీ బూడిదవి రావట్లేదు, రక్తం కల్తీ" అంటారు. కల్తీ ఏం కాదు. ఆ రంగు నిలకడగా ఉండదు. బూడిద ఇంటూ బూడిద అంటే లెక్క ప్రకారం నాలుగో వంతు నల్లవి, సగం బూడిదవి, మిగతా నాలుగో వంతు మురికి తెలుపు మీద చుక్కలు చల్లినట్టుండేవి. ఆ చుక్కలవి ఎవరికీ నచ్చవు, కూరకి పోతాయి. దాచుకోండి! చుక్కల కోడిని నల్ల కోడికి కలిపితే పిల్లలన్నీ బూడిదవే. కావలసిన రంగు ఎవరూ వద్దన్న కోడిలో ఉంది. ఒక్క పొదుగులో పది పిల్లల్ని చూసి లెక్క తప్పిందనుకోకండి. పదిలో ఎనిమిది నల్లవి వచ్చిన సందర్భాలు నా దగ్గరే ఉన్నాయి. నాలుగు పొదుగులు కలిపి చూస్తే లెక్క దగ్గరికొస్తుంది.

అపోహ: వేరే పుంజు ఒక్కసారి తొక్కితే ఆ పెట్ట జన్మంతా చెడిపోయినట్టే

ఈ నమ్మకంతో బంగారం లాంటి పెట్టల్ని కోసుకు తిన్నారు. పెట్ట కడుపులో పుంజు వీర్యాన్ని దాచుకునే సన్నటి గొట్టాలుంటాయి. అందుకే పుంజుని తీసేశాక కూడా రెండు మూడు వారాల దాకా పిల్లలయ్యే గుడ్లు పెడుతుంది. ఆ నిల్వ అయిపోయాక పాత పుంజు జాడ ఏమీ మిగలదు. పుంజుని మార్చదలుచుకుంటే పెట్టని మూడు వారాలు విడిగా ఉంచండి, ఈలోగా పెట్టిన గుడ్లు అట్లు పోసుకోండి, తర్వాత కొత్త పుంజుతో వదలండి. అంతకంటే ప్రాయశ్చిత్తం అక్కర్లేదు.

అపోహ: పుంజు మంచిదైతే చాలు, పెట్ట ఏదైనా ఒకటే

లక్ష పెట్టి పుంజుని కొని, సంతలో మూడు వందల పెట్టకి జత చేసేవాళ్ళున్నారు. పిల్లలో సగం తల్లిదే. పైగా కోళ్ళలో ఆడా మగా తేల్చేది తల్లి. మనుషుల్లో తండ్రి మీద ఆధారపడేది ఇక్కడ పెట్ట గుడ్డు మీద ఉంటుంది. గుడ్డు మొన కోసుగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అనేది కూడా వట్టి మాట. ఒక పెట్ట పెట్టే గుడ్లన్నీ దాదాపు ఒకే ఆకారంలో ఉంటాయి, పిల్లల్లో మాత్రం రెండూ వస్తాయి.

ఇందులో రంగులకు సంబంధించిన మెలిక ఒకటుంది. కొన్ని రంగులు, ఉదాహరణకి ఒంటి మీద అడ్డ చారలు, లింగంతో ముడిపడి ఉంటాయి. వాటిని పెట్ట తన కొడుకులకే ఇవ్వగలదు, కూతుళ్ళకి ఇవ్వలేదు. చారల పెట్టని నల్ల పుంజుకి కలిపితే మగపిల్లలకి పుట్టిన రోజే నెత్తి మీద తెల్ల మచ్చ ఉంటుంది, ఆడపిల్లలు నల్లగా ఉంటాయి. రోజు పిల్లలోనే ఆడామగా తెలిసిపోతుంది. పుంజునీ పెట్టనీ తిరగేస్తే మాత్రం ఈ కిటుకు పనిచేయదు.

ఎవరి పిల్ల ఎవరిదో గుర్తుండాలంటే పుట్టిన రోజే కాలివేళ్ళ మధ్య పొరకి చిన్న రంధ్రం వెయ్యండి. రెండు కాళ్ళకీ కలిపి నాలుగు చోట్లు, వేసీ వెయ్యకా మొత్తం పదహారు గుర్తులొస్తాయి. నాలుగో ఏడు వరకూ నేను 'గుర్తుంటుందిలే' అనుకున్నాను. గుర్తులేదు.

అపోహ: కాకి కోడి మాంసం కూడా నల్లగా ఉంటుంది

ఉండదు. ఈక నలుపు వేరు, ఒళ్ళు నలుపు వేరు. మాంసం, ఎముక, నాలుక దాకా నల్లగా ఉండేది కడక్‌నాథ్. దానిది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతం, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నల్ల అసిల్‌ని కడక్‌నాథ్ అని అంటగడితే నోరు తెరిచి నాలుక చూడండి.

అపోహ: నెల పిల్లని చూసి రంగు చెప్పొచ్చు

చెప్పేవాళ్ళు చెబుతూనే ఉంటారు, కొనేవాళ్ళు కొంటూనే ఉంటారు. బుడ్డ ఈకలు రాలి అసలు ఈకలొచ్చేసరికి అయిదారు నెలలు పడుతుంది. వీపు మీద చారలతో పుట్టినది ఎర్రగా తేలొచ్చు, నల్లగా పుట్టిన పిల్ల మెడ మీద పసుపు దించొచ్చు. పైగా అసిల్ నిదానంగా ఎదిగే జాతి. పుంజు ఒళ్ళు నిండడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. రంగు కోసం పసుపు, కుంకుడుకాయ పులుసు, ఇంకేవో పట్టించేవాళ్ళకి ఒక్కటే మాట: ఈక ఎరుపు, నలుపు పుట్టుకతో వచ్చేవి. తిండితో మారేది కాళ్ళ పసుపు. అదీ పసుపు చర్మం జాతి అయితేనే, మొక్కజొన్న, ఆకుకూర తింటే ముదురుతుంది. గుడ్లు పెట్టే పెట్టకి ఆ పసుపు పచ్చసొనలోకి పోయి కాళ్ళు వెలిసిపోతాయి. కాళ్ళు పాలిపోయాయని జబ్బు పెట్ట అనుకుని అమ్మేస్తారు, నిజానికి బాగా గుడ్లు పెట్టే పెట్ట అది.

అపోహ: ఉరుములకి పొదుగు గుడ్లు మురిగిపోతాయి

అందుకని గంపలో ఇనుప ముక్కో, బొగ్గో వేస్తారు. మా అమ్మ ఇప్పటికీ వేస్తుంది, నేను తియ్యను. కానీ మురిగిన గుడ్లలో చాలావాటికి మొదటి నుంచీ జీవం లేదు. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూస్తే సాలెగూడులా ఎర్ర నరాలు కనబడాలి. కనబడకపోతే తీసెయ్యండి. అసిల్ పెట్ట బరువుది, దాని కింద పది పన్నెండుకి మించి పెడితే చితుకుతాయి.

అపోహ: పెట్ట కూత కూస్తే ఇంటికి అరిష్టం

మూడేళ్ళ కిందట మా ముసలి కౌజు పెట్ట ఒకటి గుడ్లు మానేసింది. ఆ ఏడు ఈకలు రాల్చి మళ్ళీ మొలిపించుకున్నప్పుడు మెడ మీద పుంజు ఈకలొచ్చాయి. కాళ్ళకి ముళ్ళు సాగాయి. ఒక తెల్లవారుజామున గొంతు బొంగురుగా, సగంలో ఆగిపోయే కూత కూసింది. పక్కింటి మామ్మ "ఒరే, ఇవాళే కోసెయ్యి" అని గోడ మీద నుంచి అరిచింది. కోళ్ళకి పనిచేసే అండాశయం ఎడమ వైపుది ఒక్కటే. జబ్బు చేసో వయసు మీదపడో అది చెడితే ఈస్ట్రోజన్ తగ్గి, లోపలి మగ రూపం బయటికొస్తుంది. ముందు డేగ పెట్ట రంగు గురించి చెప్పానే, అదే కథ తిరగబడి కనిపించింది. ఆ పెట్ట ఇంకో ఏడాది పైనే బతికింది, మామ్మా క్షేమంగానే ఉంది.

ఏ నక్షత్రాన ఏ రంగు గెలుస్తుందనే కుక్కుట శాస్త్రం సంగతి నన్నడగకండి. నేను కోళ్ళని ఆ పనికి పెంచను. "అసిల్ పెంచితే కేసు పెడతారంటగా" అని భయపడేవాళ్ళకి మాత్రం: పెంచడం నేరం కాదు. పందెం వెయ్యడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారమూ, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం ప్రకారమూ నేరం.

అపోహ: జాతి కోడికి టీకాలు అక్కర్లేదు, దాని రక్తమే మందు

రంగుల గురించి ఇంత మాట్లాడాక అసలు ప్రాణం తీసేది ఇది. ఒక వేసవిలో నలభై కోళ్ళుంటే ఆరు మిగిలాయి నాకు. పచ్చటి రెట్ట, నోరు తెరిచి ఎగపీల్చడం, మెడ మెలి తిరగడం. అది కొక్కెర రోగం. ఇంగ్లీషు పుస్తకాల్లో న్యూకాజిల్, మన దేశంలో రాణిఖేత్. పోయినవాటిలో డేగా ఉంది, సేతూ ఉంది, పదేళ్ళుగా దాచుకున్న పర్ల పెట్టా ఉంది.

ఇప్పుడు నేను చేసేది: అయిదు నుంచి ఏడో రోజు లోపు కొక్కెరకి లాసోటా టీకా కంట్లో ఒక చుక్క, రెండో వారంలో గంబోరో అనే ఇంకో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్ళీ లాసోటా, ఎనిమిది పది వారాల మధ్య కొక్కెరకే ఆర్‌టూబీ అనే టీకా సూది. అమ్మోరు బొబ్బలకి విడిగా ఒక టీకా. చిన్న సీసాలోనే వంద కోళ్ళకి సరిపడా మందుంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. ఇరవై కోళ్ళున్నవాడికి అది బరువే. అందుకే మా వీధిలో నలుగురం కలిసి ఒకే రోజు వేయిస్తాం. మందుల షాపు నుంచి మా ఇంటికి పావుగంట దారి, అయినా ఐస్ ముక్కలు వేసిన స్టీలు క్యారియర్‌లోనే తెస్తాను. మొదటిసారి చొక్కా జేబులో వేసుకొచ్చాను, మే నెలలో.