రంగు వెలిగితే ప్రోటీన్ ఉన్నట్టేనా? ఫ్లోరోసెంట్ యాంటీబాడీల అపోహలు - వాస్తవాలు

కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపించి వాటి వెలుగును కొలిచే యంత్రం ఫ్లో సైటోమీటర్. దానికి ప్రోటీన్ కనబడదు. ఆ ప్రోటీన్‌ను వెతికి పట్టుకోవడానికి మనం రంగు తగిలించి వేసే యాంటీబాడీ కూడా కనబడదు. దానికి తెలిసేది రంగు నుంచి వచ్చే వెలుతురు ఒక్కటే. ఆ రంగు యాంటీబాడీని వదలకుండా ఉందా, ఆ యాంటీబాడీ సరైన చోటే అతుక్కుందా అన్నది చూసుకోవాల్సింది మనమే. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ సంగతి మర్చిపోవడం వల్ల జరిగినవే. వాటిలో నావీ ఉన్నాయి.

అపోహ: యాంటీబాడీ ఎంత ఎక్కువ వేస్తే సిగ్నల్ అంత బాగుంటుంది.

వాస్తవం: కణం మీద ఉన్న యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే ప్రోటీన్) అంతా నిండేదాకానే ఆ మాట నిజం. ఆ తర్వాత వేసింది అక్కడా ఇక్కడా అతుక్కుంటుంది. పాజిటివ్ గుంపు (ఆ యాంటిజెన్ ఉన్న కణాలు) ఉన్నచోటే ఉంటుంది, నెగెటివ్ గుంపు (అది లేని కణాలు) మాత్రం మెల్లగా దాని వైపు జరుగుతూ వస్తుంది. కంపెనీ కాగితంలో 'పది లక్షల కణాలకు 5 మైక్రోలీటర్లు' అని ఉంటే అక్కడ మొదలుపెట్టమని అర్థం, అంతే. కణాల సంఖ్య, బఫర్ పరిమాణం మార్చకుండా, యాంటీబాడీని ప్రతి ట్యూబుకూ సగానికి తగ్గిస్తూ ఏడెనిమిది ట్యూబులు పెట్టండి. రెండు గుంపుల మధ్య ఎడం ఎక్కడ బాగా ఉందో అదే మీ మోతాదు. ఒక పూట పని. చాలాసార్లు రాసినదానికంటే తక్కువే సరిపోతుంది.

రంగు ఎక్కించడంలోనూ ఇదే ఆశ కనిపిస్తుంది. ఎఫ్‌ఐటీసీ అనే ఆకుపచ్చ రంగు యాంటీబాడీలోని లైసిన్ అనే అమైనో ఆమ్లాలకు అతుక్కుంటుంది. ఒక్కో యాంటీబాడీకి మూడు నుంచి ఆరు రంగు అణువులు ఉంటే చాలు. మరీ కిక్కిరిస్తే పక్కపక్కనున్న అణువులు ఒకదాని వెలుగును ఇంకొకటి తగ్గించేస్తాయి. యాంటిజెన్‌ను పట్టుకునే చోటే లైసిన్ ఉంటే, రంగు ఎక్కిన యాంటీబాడీ పట్టు కోల్పోతుంది. ఇంకో సంగతి: లేబుల్ చేసే ముందు యాంటీబాడీ ట్రిస్ బఫర్‌లో ఉందేమో చూసుకోండి. ఉంటే రంగులో చాలాభాగం ట్రిస్‌కే పోతుంది.

అపోహ: పీఈ అనే రంగును చూసే ఛానెల్‌లో వెలుగు వచ్చిందంటే అది పీఈ యాంటీబాడీదే.

ఇది నన్ను రెండు రోజులు ఆనందంలో ముంచిన అపోహ. ఎలుక ప్లీహం కణాలకు, టి కణాల మీద ఉండే రెండు ప్రోటీన్లలో సీడీ4ని పీఈతో, సీడీ8ని పీఈ-సై7తో స్టెయిన్ చేశాను. తెరమీద రెండూ పాజిటివ్‌గా ఉన్న కణాల గుంపు ఒకటి కనబడింది. టి కణాలు ఎదిగే థైమస్‌లో అయితే అది మామూలే, ప్లీహంలో అంత పెద్ద గుంపు ఉండకూడదు. కొత్తదేదో దొరికిందనుకున్నాను. మూడోరోజు సీడీ8 ఒక్కటే వేసిన ట్యూబు పెట్టి చూస్తే, అందులోనూ పీఈ సిగ్నల్ దర్జాగా వెలుగుతోంది.

పీఈ-సై7 జంట రంగు. లేజర్ కాంతిని పీఈ పట్టుకుని ఆ శక్తిని సై7కి అందిస్తుంది, సై7 దాదాపు 780 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. వెలుతురు తగిలి సై7 దెబ్బతింటే ఆ శక్తిని అందుకునేది ఉండదు. అప్పుడు పీఈ తన సొంత రంగులోనే, 578 దగ్గర, వెలుగుతుంది. ఆ వయల్ ఎన్నిసార్లు బల్లమీద దీపం కింద ఉండిపోయిందో నాకే తెలుసు. అందుకే జంట రంగులకు కాంపెన్సేషన్ కంట్రోల్‌ను (ఒక రంగు ఇంకో ఛానెల్‌లోకి ఎంత ఒలుకుతుందో లెక్కగట్టి తీసేయడానికి, ఆ ఒక్క రంగే వేసి పెట్టే ట్యూబును) నమూనాకు వాడే వయల్‌తోనే, అదే రోజు పెట్టాలి. పోయిన నెల ఫైలు పనికిరాదు.

అపోహ: రంగు ఎక్కించిన యాంటీబాడీలను మైనస్ 20లో పెడితే ఎక్కువ కాలం నిలుస్తాయి.

వాస్తవం: పీఈ, ఏపీసీ అనే ఇంకో రంగు రెండూ శైవలాల నుంచి తీసిన పెద్ద ప్రోటీన్లు. పీఈ అయితే దాదాపు 240 కిలోడాల్టన్లు, యాంటీబాడీ కంటే పెద్దది. గడ్డకడితే అవి పాడైపోతాయి. 4 డిగ్రీల్లో, చీకట్లో ఉంచండి.

అపోహ: కాంపెన్సేషన్ చేశాక ఒక రంగు ఇంకో ఛానెల్‌లోకి ఒలకడం ఉండదు.

వాస్తవం: కాంపెన్సేషన్ సగటును సరిచేస్తుంది, చెదురును కాదు. ఎఫ్‌ఐటీసీ శిఖరం 519 దగ్గరే అయినా తోక పీఈ ఛానెల్‌లోకి సాగుతుంది. లెక్క సరిచేశాక కూడా పీఈ వైపు ఆ గుంపు వెడల్పుగానే ఉంటుంది, మసక పాజిటివ్‌లు అందులో మునిగిపోతాయి. ఇది రంగులు ఎంచుకునేటప్పుడే ఆలోచించాల్సిన విషయం. తెల్ల రక్తకణాల మీది సీడీ45లా దండిగా ఉండే యాంటిజెన్‌కి మసక రంగు, అరుదుగా ఉండేదానికి ఒలుకుడు తక్కువ పడే ఛానెల్‌లో మెరిసే రంగు ఇవ్వాలి.

గేట్ (పాజిటివ్, నెగెటివ్‌లను విడదీసే గీత) ఎక్కడ గీయాలో ఐసోటైప్ కంట్రోల్ (అదే రకానిదైనా మన యాంటిజెన్‌ను పట్టుకోని యాంటీబాడీ) చెబుతుందనే నమ్మకం కూడా ఇక్కడే బోల్తా పడుతుంది. అది వేరే యాంటీబాడీ, దాని మీద రంగు మోతాదు వేరు, అది అతుక్కునే తీరూ వేరు. నాలుగైదు రంగులు దాటితే ఒక్క రంగు మాత్రం వదిలేసి మిగతావన్నీ వేసిన ట్యూబే నిజం చెబుతుంది.

అపోహ: మోనోక్లోనల్ (అన్నీ ఒకే అచ్చులో ఉండే) యాంటీబాడీ కాబట్టి వేరేచోట అతుక్కోదు.

వాస్తవం: వై ఆకారపు యాంటీబాడీలో ముందువైపు కొమ్ములు గురి తప్పకపోవచ్చు, తోక (ఎఫ్‌సీ) ఊరుకోదు. మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు, బి కణాలు ఎఫ్‌సీ రిసెప్టర్లతో ఆ తోకనే పట్టుకుంటాయి. అందుకే ముందు ఆ రిసెప్టర్లను మూసేసే ఎఫ్‌సీ బ్లాక్ వేస్తాం. చచ్చిన కణాలైతే ఏ యాంటీబాడీ వచ్చినా పీల్చేసుకుంటాయి, వాటిని ఏరేయడానికి వయబిలిటీ రంగు తప్పదు. కొన్ని కణాలు ఏ రంగూ వేయకుండానే వెలుగుతాయి కూడా. ఈ తలనొప్పి కొత్తది కాదు. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి మొదటిసారి వెలిగే రంగు తగిలించినప్పుడు అది నీలంగా వెలిగింది. కణజాలం తనంతట తానే నీలంగా వెలుగుతుండటంతో రెండూ కలిసిపోయాయి. ఆ తర్వాతే వాళ్లు ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరసీన్‌కి మారారు.

చివరిగా, చాలా వయల్స్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా వేసే సోడియం అజైడ్ ఉంటుంది. స్టెయిన్ చేసి వెంటనే చూసేస్తే ఇబ్బంది లేదు. అదే యాంటీబాడీని కల్చర్‌లో వేస్తే కణాలు చచ్చిపోతాయి, అది యాంటీబాడీ ప్రభావమే అనుకుంటాం. కల్చర్ పనికి అజైడ్ లేని రకం తెప్పించుకోండి. మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకండి, అజైడ్ రాగి, సీసం గొట్టాలతో కలిసి పేలే పదార్థాలవుతుంది.