పిస్టన్ ఏ వైపు గీసుకుపోయిందో చూశారా?

చెట్లు కోసే పెట్రోల్ రంపం, అదే చైన్‌సా, స్టార్ట్ కాకపోతే మనవాళ్ళు ముందు ప్లగ్గు (నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్) విప్పుతారు. కొస గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ బాగున్నట్టు, తెల్లగా ఉంటే పెట్రోల్ చాలనట్టు, నల్లగా తడితడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువైనట్టు అని ఒక లెక్క. లెక్క తప్పు కాదు గానీ, ప్లగ్గు చెప్పేది చివరి కొద్ది నిమిషాల సంగతే. దుంగ కోసేసి, మిషన్‌ని కాసేపు ఐడిల్‌లో తిరగనిచ్చి ఆపితే ఎంత మంచి ఇంజిన్‌లోనైనా ప్లగ్గుకు మసి పడుతుంది. అసలు రంగు తెలియాలంటే దుంగలో చైను దిగుతుండగానే, ఫుల్ రేస్‌లోనే స్విచ్ ఆపేసి, చల్లారాక విప్పాలి. అప్పుడు ప్లగ్గు తెల్ల పింగాణీ మీద సన్నటి వెండి చుక్కలు కనిపిస్తే మాత్రం మళ్ళీ తాడు లాగొద్దు. అది పిస్టన్ తల నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం.

నన్నడిగితే ప్లగ్గు మీద అంత నమ్మకం వద్దు, సైలెన్సర్ విప్పండి. చాలా మిషన్లకు రెండు మూడు బోల్టులే. పొగ వెళ్ళే కంతలోకి సెల్‌ఫోన్ లైటు కొట్టి, ప్లగ్గు తీసేసి తాడు మెల్లగా లాగితే పిస్టన్ పక్కభాగం, దాని పైన రింగు కనిపిస్తాయి. కొత్త పిస్టన్ మీద లేతు పట్టిన సన్నటి అడ్డగీతలు ఉంటాయి. అవి ఇంకా కనిపిస్తుంటే ఇంజిన్‌కి చాలా ఆయుష్షు ఉన్నట్టే. వాటిని చెరిపేస్తూ నిలువు గీతలు పడ్డాయా, అయితే అరుగుదల మొదలైంది. ఇక రింగు గాడిలో కదలకుండా మసితో అతుక్కుపోతే కంప్రెషన్ నిలవదు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యే మిషన్ వేడెక్కాక మొరాయిస్తుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ గీతలు ఏ వైపున పడ్డాయి?

సైలెన్సర్ వైపు మాత్రమే పడితే వేడి దెబ్బ. మండిన గ్యాసు బయటికి పోయే దారి అదే కాబట్టి పిస్టన్‌కి అటువైపే ఎక్కువ కాలుతుంది, అల్యూమినియం ఉబ్బుతుంది, మధ్యలో ఉన్న ఆయిల్ పొర తెగి బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు రాసుకుంటుంది. చైన్‌సాలో ఉండే టూ స్ట్రోక్ ఇంజిన్‌కి ఆయిల్ వేరే దారిలో రాదు, పెట్రోల్‌తో కలిసే రావాలి. కాబట్టి పెట్రోల్ తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే, పైగా మంట వేడి పెరుగుతుంది. నిమిషానికి 12, 13 వేల చుట్లు తిరిగే ఇంజిన్, అంటే సెకనుకు 200 సార్లకు పైగా పిస్టన్ పైకీ కిందకీ పోయే యంత్రం, దీన్ని ఎంతోసేపు తట్టుకోదు.

గీతలు చుట్టూరా ఉంటే డబ్బా మారిందేమో చూడండి. బండిలో పోయాల్సిన ఉత్త పెట్రోల్ మిషన్‌లో పడి ఉంటుంది. కంపెనీ 50కి 1 అంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్, 25కి 1 అంటే 40. అంతే తప్ప ట్రాక్టర్ ఇంజిన్ ఆయిల్ కాసింత పోసి ఊపడం కాదు.

గాలి, పెట్రోల్ కలిపి లోపలికి పంపే కార్బొరేటర్ వైపు నిగారింపు పోయి మట్టిరంగులో అరిగిపోయి ఉంటే దుమ్ము దెబ్బ. పాలమూరు చెలకల్లో సర్కారు తుమ్మ నరికేవాళ్ళ మిషన్లకు ఈ బెడద ఎక్కువ ఉండటంలో వింతేమీ లేదు, ఎందుకంటే మొదలు దాకా నేలకు ఆనించి కోస్తారు, బెరడులో ఇసుక, కింద ఎర్రమట్టి. ఫిల్టర్ చిరిగినా సరిగ్గా కూర్చోకపోయినా ఆ మట్టి ఆయిల్‌తో కలిసి ఉప్పుకాగితంలా రుద్దుతుంది. దానికితోడు ఇసుక తగిలి చైను మొద్దుబారుతుంది. చెక్కపేళ్ళు కాకుండా పిండిలాంటి పొట్టు రాలుతుంటే చైను మొద్దుబారినట్టే. ఆ పొట్టు పోయి సిలిండర్ రెక్కల మధ్య కూరుకుంటుంది, అక్కడ గాలి ఆడదు, మళ్ళీ వేడి.

కార్బొరేటర్ ట్యూనింగ్‌లో ఇంకో చిక్కుంది. నల్లగొండ మే నెల ఎండలో గాలి పలచగా ఉంటుంది, ఆ గాలికి సరిపోయేట్టు పెట్రోల్ తగ్గించి స్క్రూ తిప్పుతారు, బాగానే నడుస్తుంది. అదే మిషన్‌తో జనవరి తెల్లవారుజామున హాలియా వైపు ఎండిపోయిన బత్తాయి చెట్లు కోయడానికి దిగితే, చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే పెట్రోల్ ఇప్పుడు చాలదు. దీనికితోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది, అంటే పెట్రోల్ ఇంకా చాలనట్టు అవుతుంది. చాలా చైన్‌సాల మాన్యువళ్ళు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. నెలల తరబడి డబ్బాలో ఉంచితే అది తేమ పీల్చుకుంటుంది, నీళ్ళు ఎక్కువైతే అడుగున వేరుపడుతుంది కూడా.

షాపుకు తీసుకెళ్తే "అన్నా, పిస్టన్ పోయింది, బోరు కొట్టించి ఓవర్‌సైజ్ వేద్దాం" అంటారు. పాత స్కూటర్ల ఇనుప సిలిండర్లకు అది నడిచింది. చైన్‌సాల్లో ఎక్కువ భాగం అల్యూమినియం సిలిండర్లు, లోపల క్రోమ్ పూతో నికెల్ పూతో మిల్లీమీటరులో వందో వంతుల మందాన ఉంటుంది. బోరు కొట్టిస్తే ఆ పూతే పోతుంది. చాలాసార్లు బోరు మీద కనిపించే మరక నిజానికి పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియమే, జాగ్రత్తగా తీసేస్తే కింద పూత చెక్కుచెదరకుండా ఉండొచ్చు. గోటికి గాడి తగిలితే మాత్రం సిలిండర్ మార్చాల్సిందే.

సైలెన్సర్ వైపు గీతలున్న మిషన్‌కి పిస్టన్ ఒక్కటే మార్చి తెచ్చుకోకండి. రేస్ వదిలాక ఇంజిన్ వెంటనే దిగకుండా గుయ్‌మంటుంటే, పక్కకు వంచినప్పుడు సౌండు మారుతుంటే, క్రాంక్ సీళ్ళ (ఇంజిన్ ఇరుసు చుట్టూ గాలి దూరకుండా ఉండే రబ్బరు రింగుల) దగ్గరో కార్బొరేటర్ రబ్బరు దగ్గరో గాలి దూరి, పెట్రోల్ చాలకుండా చేస్తుండొచ్చు. వాటిని ప్రెజర్ పెట్టి చెక్ చేయమనండి, లీకుంటే ముందు వాటినే మార్పించండి.